రంగు మందు ఎక్కించే ముందు

ఎం.ఆర్.ఐ. స్కాన్ మధ్యలో చేతి నరానికి ఎక్కించే మందును మన ఇళ్ళలో 'రంగు మందు' అంటారు, కొందరు 'డై' అంటారు. నిజానికి దానికి రంగేమీ ఉండదు, నీళ్ళలా తేటగా ఉంటుంది. 60 కిలోల మనిషికి మందు రకాన్ని బట్టి 6 మిల్లీలీటర్లో 12 మిల్లీలీటర్లో సరిపోతుంది. ఇంత చిన్న సీసా మీద సంపాదకీయమా అని మా చదువరుల్లో కొందరు అనుకోవచ్చు. అయినా రాయక తప్పడం లేదు. మూర్ఛ వచ్చిన పిల్లవాడికి డాక్టరు కాంట్రాస్ట్‌తో స్కాన్ రాస్తే, వాట్సాప్‌లో వచ్చిన ఒక వీడియో చూసి 'ఆ విషం మా వాడికి వద్దు' అని తండ్రి వెనక్కి తీసుకువస్తున్నాడు. మరొకచోట కిడ్నీలు దాదాపు పనిచేయని పెద్దాయనను స్కాన్‌కు తీసుకువెళ్తే, అక్కడివాళ్ళు కిడ్నీ మాట అడగడం లేదు, వీళ్ళు చెప్పడం లేదు, కాగితం మీద వేలిముద్ర పడుతోంది, సూది పడుతోంది. మొదటి ఇంట్లో ఉండనక్కరలేని భయం ఉంది. రెండో ఇంట్లో ఉండవలసిన జాగ్రత్త లేదు. రెండు చోట్లా లోపించింది ఒక్కటే: ఆ సీసాలో ఏముందో, ఎవరికి ఎందుకు ఇస్తారో, ఎవరికి ఆలోచించి ఇవ్వాలో, తెలిసిన భాషలో చెప్పే మనిషి.

సీసాలో ఉన్నది గడోలినియం అనే లోహం. 1880లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త మారిన్యాక్ దీని జాడ పట్టుకున్నాడు. ఫిన్లాండ్‌కు చెందిన యోహాన్ గడోలిన్ గౌరవార్థం ఆ పేరు వచ్చింది. గడోలినియం అయాన్‌లో జత లేని ఎలక్ట్రాన్లు 7 ఉంటాయి. అందువల్ల అది అయస్కాంత క్షేత్రానికి చాలా బలంగా స్పందిస్తుంది. ఎం.ఆర్.ఐ. యంత్రం మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలను కదిలించి, అవి తిరిగి మామూలు స్థితికి వచ్చేటప్పుడు ఇచ్చే సంకేతంతో బొమ్మ కడుతుంది. గడోలినియం పక్కన చేరిన నీరు మామూలు కంటే తొందరగా ఆ స్థితికి వస్తుంది. బొమ్మలో ఆ చోటు తెల్లగా వెలుగుతుంది. ఎక్స్‌రే, సిటీ స్కాన్లలో ఉండే రేడియేషన్ ఇందులో లేదు. సిటీ స్కాన్‌లో ఇచ్చే అయోడిన్ మందు వేరు, ఇది వేరు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం వల్ల సగం గందరగోళం పుడుతోంది. 'మాకు రొయ్యలు పడవు, ఈ సూది పడుతుందా' అని అడుగుతుంటారు. రొయ్యలకూ గడోలినియానికీ సంబంధం లేదు.

విడిగా వదిలిపెడితే మాత్రం గడోలినియం విషమే. దాని పరిమాణం కాల్షియం అయాన్‌కు దగ్గరగా ఉంటుంది. అందుకని నరాల్లోనూ కండరాల్లోనూ కాల్షియం చేయవలసిన పనికి అడ్డు తగులుతుంది. అందుకే దాన్ని మరో పెద్ద అణువుతో కట్టేసి ఇస్తారు. కట్టు విప్పుకోకుండా ఒంట్లో తిరిగి, మూత్రంతో బయటికి పోవాలి. కిడ్నీలు బాగా ఉన్నవారిలో సుమారు గంటన్నరకు మందు సగం రక్తం నుంచి పోతుంది, 24 గంటల్లో 90 శాతం పైగా పోతుంది. ఈ మందు మంచి చెడ్డలన్నీ ఆ కట్టు ఎంత గట్టిది, కిడ్నీలు ఎంత తొందరగా దాన్ని బయటికి పంపుతాయి అన్న రెండు మాటల్లోనే ఉన్నాయి.

కట్టు రెండు రకాలు. ఒకటి పొడవాటి అణువు లోహం చుట్టూ తాడులా చుట్టుకున్నది. దీన్ని లీనియర్ అంటారు. 1988లో మొట్టమొదట అనుమతి పొందిన జర్మనీ షేరింగ్ కంపెనీ వారి మాగ్నెవిస్ట్, తర్వాత వచ్చిన ఆమ్నిస్కాన్, ఆప్టిమార్క్ ఈ రకం. రెండోది లోహాన్ని పంజరంలో పెట్టి తలుపు మూసినట్టుండేది. దీన్ని మాక్రోసైక్లిక్ అంటారు. గడోటెరేట్, గడోబ్యుట్రాల్, గడోటెరిడాల్ ఈ రకం. తాడు వదులయినంత సులువుగా పంజరం తెరుచుకోదు. చదువరులు ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా కథ దానంతట అదే అర్థమవుతుంది.

ముందు మేలు సంగతి చెప్పాలి. ఎందుకంటే వాట్సాప్ వీడియోల్లో అది ఉండదు.

మెదడు రక్తనాళాలకు ఒక కాపలా గోడ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడులోకి గడోలినియం మందు ఆ గోడ దాటి పోలేదు. కణితి గాని, చీము గాని, క్షయ గడ్డ గాని గోడను పాడుచేసిన చోట మాత్రం మందు బయటికి కారి, అక్కడ వెలుగుతుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ మెదడు పొరలకు సోకితే మెదడు అడుగున పొరలు వెలుగుతాయి. మందు లేని స్కాన్‌లో అది దాదాపు మామూలుగానే కనిపించవచ్చు. మెదడులో క్షయ గడ్డ, నాడా పురుగు గుడ్ల వల్ల వచ్చే తిత్తి రెండూ మన దేశంలో యౌవనులకు హఠాత్తుగా మూర్ఛ రావడానికి ముఖ్య కారణాలు. రెండూ కాంట్రాస్ట్ తర్వాత ఉంగరంలా వెలుగుతాయి. ఆ ఉంగరం సైజు, ఆకారం చూసి డాక్టర్లు ఏది ఏదో అంచనా వేస్తారు. క్షయ మందులు నెలల తరబడి వాడాలా, పురుగు మందు సరిపోతుందా అన్నది దానిమీద ఆధారపడి ఉంటుంది. పైన చెప్పిన తండ్రి తిరస్కరించింది ఆ సమాధానాన్ని. వెన్నెముకకు క్షయ పట్టినప్పుడు చీము ఎంతవరకు పాకింది, వెన్నుపామును నొక్కుతోందా అన్నది కూడా కాంట్రాస్ట్‌లోనే బాగా తెలుస్తుంది. క్యాన్సర్ మెదడుకు పాకిందా, రొమ్ము క్యాన్సర్ ఎంత మేర ఉంది, కాలేయంలో గడ్డ మంచిదా చెడ్డదా, ఆపరేషన్ అయిన నడుములో మళ్ళీ డిస్క్ జారిందా లేక అది పాత గాయపు మచ్చా... ఇలాంటి ప్రశ్నలకు ఈ మందు లేకపోతే చాలాసార్లు ఊహే మిగులుతుంది.

అలాగని ప్రతి ఎం.ఆర్.ఐ.కీ అది అవసరం లేదు. ఆపరేషన్ కాని మామూలు నడుము నొప్పి, జారిన డిస్క్, మోకాలి లిగమెంటు, పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో చేసే మెదడు స్కాన్, పిత్తనాళంలో రాళ్ళు చూసే స్కాన్... వీటికి చాలావరకు మందు లేకుండానే పని జరుగుతుంది. మెదడు రక్తనాళాలను కూడా కాంట్రాస్ట్ లేకుండా చూసే పద్ధతులున్నాయి. కాంట్రాస్ట్ కలిస్తే బిల్లు పెరుగుతుంది. 'ఎందుకైనా మంచిదని' ఇచ్చేది ఎంత, ప్రశ్నకు జవాబు కోసం ఇచ్చేది ఎంత అన్నది రోగి బంధువు అడగదగిన ప్రశ్నే. అందులో డాక్టరును అనుమానించడమేమీ లేదు.

ఇక కీడు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే జరిగింది చిన్న సంగతి కాదు.

1997లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డయాలసిస్ రోగుల్లో కొందరికి చర్మం గట్టిపడడం డాక్టర్లు గమనించారు. కాళ్ళూ చేతులూ చెక్కలా బిగుసుకుపోయి, మోకాళ్ళు మడత పడక, కొందరు చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. కొందరిలో అది గుండెకు, ఊపిరితిత్తులకు పాకి ప్రాణం తీసింది. 2000లో కౌపర్, ఆయన సహచరులు 15 మంది రోగుల వివరాలు లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. కారణం తెలియదు. తర్వాత దానికి నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్ అని పేరు పెట్టారు, పొట్టిగా ఎన్.ఎస్.ఎఫ్. దాదాపు తొమ్మిదేళ్ళు అది అంతుపట్టని జబ్బుగానే మిగిలింది. 2006లో ఆస్ట్రియాలో గ్రోబ్నర్ అనే కిడ్నీ డాక్టరు తన డయాలసిస్ రోగుల్లో ఐదుగురికి ఈ జబ్బు రావడానికి ముందు గడోలినియంతో స్కాన్ జరిగిందని గమనించి రాశాడు. అదే ఏడాది డెన్మార్క్ డాక్టర్లు 13 మంది రోగుల సంగతి బయటపెట్టారు. అందరికీ ఇచ్చింది గడోడయమైడ్ అనే లీనియర్ మందే.

ఇందులో మనసును తొలిచే విషయం ఒకటుంది. కిడ్నీ చెడిన రోగులకు సిటీ స్కాన్‌లోని అయోడిన్ మందు మంచిది కాదని తలచి, 'వీళ్ళకు ఇదే క్షేమం' అని మంచి ఉద్దేశంతోనే ఎం.ఆర్.ఐ.కి పంపారు. రక్తనాళాలు స్పష్టంగా కనిపించాలని కొందరికి రెండింతలు, మూడింతలు మోతాదు ఇచ్చారు. కిడ్నీలు పనిచేయక మందు గంటల్లో పోవలసింది రోజుల తరబడి ఒంట్లోనే ఉండిపోయింది. అంతసేపు ఉండేసరికి వదులు కట్టు విప్పుకుంది. లోహం బయటపడి చర్మంలో, కండరాల్లో చేరింది. ఎవరూ దుర్మార్గులు కాని చోట కూడా బలహీనుడి మీదే దెబ్బ పడడం ఇలాగే జరుగుతుంది. ఒక మందు 'అందరికీ క్షేమం' అని చెప్పినప్పుడు ఆ అందరిలో ఎవరు లెక్కకు వచ్చారు, ఎవరు రాలేదు అని అడగాలి.

2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులన్నింటి మీదా నల్ల చట్రంలో హెచ్చరిక వేయించింది. 2010లో ఆమ్నిస్కాన్, మాగ్నెవిస్ట్, ఆప్టిమార్క్ మూడింటినీ తీవ్ర కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇవ్వరాదని చెప్పింది. స్కాన్‌కు ముందు కిడ్నీ సంగతి చూడడం, పంజరం రకం మందులకు మారడం, మోతాదు తగ్గించడం మొదలయ్యాక కొత్త ఎన్.ఎస్.ఎఫ్. కేసులు దాదాపు ఆగిపోయాయి. 2020లో ప్రచురితమైన ఒక పెద్ద విశ్లేషణలో, కిడ్నీ జబ్బు నాలుగో, ఐదో దశలో ఉండి ఈ క్షేమకరమైన వర్గం మందులు తీసుకున్న 4,931 మందిని లెక్కలోకి తీసుకుంటే ఒక్కరికి కూడా ఎన్.ఎస్.ఎఫ్. రాలేదు. అంటే కిడ్నీ రోగి కూడా అవసరమైతే కాంట్రాస్ట్ స్కాన్ చేయించుకోవచ్చు. ఏ మందు, ఎంత మోతాదు అన్నదే ప్రశ్న. డయాలసిస్ మీద ఉన్నవారైతే స్కాన్ అయిన వెంటనే వచ్చే డయాలసిస్ వంతు ఉండేలా తేదీ చూసుకోవడం మంచిది.

ఈ సంగతి మనకు దూరపు కథ కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల కిడ్నీ జబ్బు అందరికీ తెలిసిందే. పొలం పని చేసుకునేవారికి, షుగరూ బీపీ లేనివారికి కూడా కిడ్నీలు చెడుతున్నాయి. ఎందుకో ఇప్పటికీ నిర్ధారణగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. బరంపురంలో, గంజాం జిల్లాలో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామందికి పుట్టిళ్ళు, అత్తిళ్ళు ఆ ఊళ్ళలోనే. ఇచ్ఛాపురం నుంచి నడుము నొప్పికో తలనొప్పికో బరంపురం వచ్చి స్కాన్ చేయించుకునేవారున్నారు. వారి కిడ్నీ సంగతి వారికే తెలిసి ఉండకపోవచ్చు, ఎందుకంటే ఆ జబ్బు చివరిదాకా నొప్పి పెట్టదు. ఊరు పేరు చెప్పగానే అడగవలసిన ప్రశ్న అది.

అడిగేటప్పుడు 'క్రియాటినిన్ ఎంత' అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. 1.4 అనే ఒకే అంకె 25 ఏళ్ళ యువకుడికి ఒకటి చెబుతుంది, 70 ఏళ్ళ స్త్రీకి మరొకటి చెబుతుంది. వయసు, స్త్రీ పురుష భేదం కలిపి లెక్కకడితే వచ్చేది ఇ.జి.ఎఫ్.ఆర్. ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం ఆ యువకుడికి అది 70 పైన వస్తుంది. ఆ పెద్దావిడకు 40 దగ్గర వస్తుంది. 30 కంటే తగ్గితే ఏ మందు ఇస్తున్నారన్నది గట్టిగా చూసుకోవాలి. ఫోనులో అంకెలు వేస్తే చెప్పే లెక్క ఇది; ఇంట్లో చదువుకున్న పిల్లలు చేయగలిగిన పని.

కిడ్నీలు బాగున్నవారి మాటేమిటి? 2014లో జపాన్‌లో కందా, ఆయన సహచరులు చాలాసార్లు లీనియర్ మందు తీసుకున్నవారి మెదడులో రెండు చోట్ల, మందు ఇవ్వకుండా తీసిన బొమ్మలో కూడా, తెల్లదనం మిగిలి ఉందని గమనించారు. మరుసటి ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్ వారు చనిపోయినవారి మెదడు కణజాలం పరీక్షించి అక్కడ గడోలినియం ఉందని చూపించారు. కిడ్నీ జబ్బు లేనివారిలో కూడా కొంత మిగులుతోందన్న మాట. ఎముకల్లోనూ మిగులుతుంది. లీనియర్ మందుల్లో ఎక్కువ, పంజరం రకంలో చాలా తక్కువ. సున్నా మాత్రం కాదు. అలా మిగిలినందువల్ల మెదడుకు ఫలానా హాని జరిగిందని ఇంతవరకు రుజువు కాలేదు.

ఈ ఒకే సమాచారం మీద రెండు పెద్ద నియంత్రణ సంస్థలు రెండు దారులు తొక్కాయి. ఐరోపా సంస్థ 2017లో 'మేలు సమానంగా ఇచ్చే గట్టి కట్టు మందు ఉన్నప్పుడు వదులు కట్టుది ఎందుకు' అన్న తర్కంతో నరానికి ఇచ్చే మూడు లీనియర్ మందులను ఆపేసింది. రెండింటిని కాలేయం స్కాన్‌కు మాత్రమే ఉంచింది. అమెరికా సంస్థ అదే ఏడాది హెచ్చరిక చేర్చింది, రోగికి సమాచార పత్రం ఇవ్వాలంది, మందులను మాత్రం ఆపలేదు. మాకు ఐరోపా దారే సబబనిపిస్తుంది. హాని రుజువయ్యేదాకా ఆగడమనేది, బదులు మందు లేనప్పుడు ఒప్పుకోవలసిన మాట. ఇక్కడ బదులు మందు ఉంది. కాలేయం విషయంలో ఆ రెండు మందులు చేసే పని మిగతావి చేయలేవు కనుక వాటిని ఉంచడమూ న్యాయమే. 2022లో అమెరికాలో అనుమతి పొందిన గడోపిక్లెనాల్ అనే పంజరం రకం మందు మామూలు మోతాదులో సగంతోనే పనిచేస్తుంది. శాస్త్రం ఆ వైపే నడుస్తోంది.

మిగతా జాగ్రత్తలు క్లుప్తంగా. సూది పడగానే దద్దుర్లు, వాంతి, తల తిరగడం లాంటివి అన్నీ కలిపి నూటికి రెండు మూడు కంటే తక్కువమందిలోనే వస్తాయి. ప్రాణం మీదికి వచ్చే ఎలర్జీ పది వేలలో ఒకరికి, లేదా అంతకన్నా అరుదు. ఇంతకుముందు ఇదే మందు పడని మనిషి ఆ సంగతి తప్పక చెప్పాలి. ఉబ్బసం ఉన్నవారు కూడా. గర్భవతులకు తప్పనిసరి అయితే తప్ప ఇవ్వరు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జరిపి 2016లో ప్రచురించిన పరిశీలన, గర్భంలో ఉండగా గడోలినియం తగిలిన పిల్లల్లో కొన్ని చర్మ, కీళ్ళ జబ్బులు, ప్రాణనష్టం కొంత ఎక్కువ కనిపించాయని చెప్పింది. కనుక నెల తప్పిన అనుమానం ఉన్నా చెప్పాలి, సిగ్గుపడి ఊరుకోకూడదు. పాలిచ్చే తల్లి విషయం వేరు. పాలలోకి వచ్చేది మోతాదులో 0.04 శాతం కంటే తక్కువ. పాలు మాన్పించి బిడ్డను ఏడిపించనక్కరలేదు.

వాట్సాప్ వీడియోల గురించి ఒక మాట. హాలీవుడ్ నటుడు చక్ నారిస్ తన భార్యకు ఈ మందు వల్ల హాని జరిగిందని 2017లో కంపెనీల మీద దావా వేశాడు. ఆ వార్త ఇప్పటికీ తిరుగుతోంది. 2020లో ఆ దావాను వాళ్ళే ఉపసంహరించుకున్నారన్న వార్త తిరగడం లేదు. స్కాన్ తర్వాత నెలల తరబడి ఒళ్ళు నొప్పులు, మండటం, మతిమరపు అని చెప్పే మనుషులున్నారు. వారి బాధ అబద్ధమని మేము అనం. అది గడోలినియం వల్లేనని తేల్చిన రుజువు మాత్రం లేదు. ఆ బాధ చుట్టూ 'ఒంట్లోని లోహం తీసేస్తాం' అనే వ్యాపారం ఒకటి పుట్టింది. లోహాన్ని పట్టి లాగే ఆ చెలేషన్ మందులు గడోలినియం విషయంలో మేలు చేస్తాయని రుజువు కాలేదు. వాటికి సొంత ప్రమాదాలున్నాయి. భయపెట్టేవాడే చివర్లో ఏదో అమ్ముతున్నాడేమో చూడండి.

ఇక మన సంగతి. మనం తరాలుగా మరో భాష నేల మీద బతుకుతున్న తెలుగువాళ్ళం. హోసూరులో ఒప్పుకోలు పత్రం తమిళంలో ఉంటుంది, బళ్ళారిలో కన్నడంలో, సోలాపూరులో మరాఠీలో, రాయగడలో ఒడియాలో. ఎక్కడైనా ఇంగ్లీషులో ఉంటుంది. యానాం నుంచి కాకినాడ వెళితే మాటకు ఇబ్బంది లేదు గాని కాగితం అక్కడా తరచు ఇంగ్లీషే. 'తెలుగులో ఫారం పెట్టండి' అని అడగడం మంచిదే. అయితే అదొక్కటే చాలదని మన ఇళ్ళు చూస్తే తెలుస్తుంది. నానమ్మకు ఏ లిపీ రాదు. మనవరాలు తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే కన్నడమో తమిళమో చదువుతుంది. మనకు కావలసింది నోటి మాట. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలంటే సంతకం మాత్రమే కాదని స్పష్టం చేసింది. చేయబోయేది ఏమిటి, ఎందుకు, మరో దారి ఉందా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది అన్న సమాచారం రోగికి ఇవ్వాలంది. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. తెలిసిన భాషలో వివరణ పొందడం అందులో భాగమే. పైకి చదివి వినిపించమని అడిగితే ఎవరూ నేరంగా చూడకూడదు.

అడగడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఈ స్కాన్‌కు మందు ఎందుకు కావాలి? మందు పేరేమిటి, పంజరం రకమా? కిడ్నీ పరీక్ష చూశారా? ఈ మూడు చాలు. పేరు మాత్రం తప్పక రాయించుకోండి. రిపోర్టుల్లో తరచు 'కాంట్రాస్ట్ ఇవ్వబడింది' అని ఉంటుంది, ఏది ఎంత ఇచ్చారో ఉండదు. మళ్ళీ మళ్ళీ స్కాన్ చేయించుకోవలసిన క్యాన్సర్ రోగికి, నరాల జబ్బు ఉన్నవారికి ఆ పేరు, మోతాదు, తేదీ రాసిన చిన్న పుస్తకం ఇంట్లో ఉండాలి. పాత ఫిల్ములు, సీడీలు కూడా దాచుకోవాలి. ఊరు మారినప్పుడు పాత స్కాన్ చేతిలో లేక మళ్ళీ మొదటినుంచి సూది వేయించుకున్నవారిని చూస్తూనే ఉన్నాం. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నియమావళి చెబుతోంది.

మన సంఘాల్లో నర్సులు, రేడియాలజీ టెక్నీషియన్లు తక్కువమంది కాదు. వారిలో చాలామంది ఆ గదిలోనే సూది చేతపట్టుకుని నిలబడేవారు. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు; రోజుకు ఎన్ని స్కాన్లు చేయాలో వారు నిర్ణయించరు, ఏ మందు కొనాలో వారు నిర్ణయించరు. ఏ మందు కొనాలో నిర్ణయించేది యాజమాన్యం. ధరలో కొంత తేడా ఉందని వదులు కట్టు మందు కొని, కిడ్నీ పరీక్ష లేకుండా ఇచ్చే చోటు ఎక్కడ ఉన్నా అది ఆగాలి. ప్రభుత్వ ఆసుపత్రుల టెండర్లలో పంజరం రకం మందునే కోరాలని రాష్ట్రాల ఆరోగ్య శాఖలను మేము కోరుతున్నాం. ఒక్క ఆదేశంతో అయ్యే పని ఇది. నర్సులుగా ఉన్న మన అక్కచెల్లెళ్ళు చేయగలిగింది మరొకటుంది. వరుసలో కూర్చున్నవారిలో తెలుగు మాట వినబడితే రెండు నిమిషాలు పక్కన కూర్చుని కిడ్నీ సంగతి, గర్భం సంగతి, పాత ఎలర్జీ సంగతి తెలుగులో అడగండి. ఆ రెండు నిమిషాలు ఏ ఫారమూ ఇవ్వలేదు.

సూది తర్వాత ఏదైనా తేడా కనిపిస్తే, అదే రోజు గాని, వారాల తర్వాత చర్మం బిగుసుకోవడం లాంటిది గాని, ముందు డాక్టరుకు చెప్పండి. తర్వాత దాన్ని నమోదు చేయించండి. మన దేశంలో మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. ఉచిత ఫోను 1800-180-3024. డాక్టరే రాయాలన్న నియమం లేదు, రోగి గాని బంధువు గాని చెప్పవచ్చు. మందు పేరు, ఇచ్చిన తేదీ, ఏమయిందో చెబితే చాలు. రోగులు నింపే ఆ ఫారం ఇంగ్లీషు కాక 10 భారతీయ భాషల్లో దొరుకుతుంది. వాటిలో తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా ఐదూ ఉన్నాయి.